అది ఖాళీ ఊరు కాదు



ఇంటర్నల్ మార్కుల్లో వివక్ష మీద రెండో భాగం ఈ వారం రాస్తానని మాటిచ్చాను. అది వచ్చే ఆదివారం. మధ్యలో ఒక వాయిస్ మెసేజ్ వచ్చి మూడు రోజులుగా నన్ను నిద్రపోనివ్వడం లేదు. ముందు దాని సంగతి తేల్చుకోవాలి.

పంపింది నా పాత విద్యార్థి. డిగ్రీలో నా దగ్గర తెలుగు చదువుకున్నాడు. వాళ్ల నాన్న చెప్పులు కుట్టే ఆరె మీద కాలేజీ మ్యాగజైన్‌లో ఒక కవిత రాశాడు. పదహారు పంక్తులు. ఇప్పటికీ కొత్త బ్యాచ్‌కి అది చదివి వినిపిస్తాను. డిగ్రీ అయ్యాక హోటల్ మేనేజ్‌మెంట్ డిప్లొమా చేశాడు, ఏజెంటుకి అప్పు తెచ్చి కట్టాడు, ఓడెక్కాడు. సియాటిల్‌లో జనాన్ని ఎక్కించుకుని ఏడు రోజులు అలాస్కా తీరమంతా తిప్పి మళ్లీ సియాటిల్‌లో దింపే టూరిస్టు ఓడ. అందులో గదులు శుభ్రం చేస్తాడు. తన పేరూ ఓడ పేరూ రాయొద్దన్నాడు. రాయను.

కెచికన్ అనే ఊళ్లో, వైఫై దొరికే చోట మెట్ల మీద కూర్చుని మాట్లాడాడు. వెనక సీగల్స్ అరుపులు వినిపిస్తున్నాయి.

"మేడమ్, ఈ ట్రిప్పులో మా ఓడలో రైటర్స్ ఎక్కారండి. ఇరవై మంది దాకా ఉంటారు. పొద్దున క్లాసులంట. మధ్యాహ్నం ఎవరు రాసుకుంది వాళ్లు చదువుకుంటారంట. మిగతా టైమంతా డెక్కు మీద కుర్చీలేసుకుని మంచుకొండలు చూస్తారు. నాకు పదిహేడు గదులు, అందులో ఐదు వీళ్లవే. ఒక పెద్దావిడ ఉందండి. ఆస్పత్రిలో రాత్రి డ్యూటీలు చేసే నర్సంట. ఇరవయ్యేళ్లుగా కథలు రాస్తోందంట. పదకొండేళ్లలో ఇదే మొదటి సెలవంట. నేనూ రాసేవాణ్ని అన్నాను. ఏం రాసేవాడివి అనడిగింది. ఆరెని ఇంగ్లీషులో ఏమంటారో నాకు తట్టలేదు మేడమ్."

కాసేపు సీగల్స్ అరుపులే. తర్వాత అడిగాడు. "మనవాళ్లెవరైనా ఎప్పుడైనా ఇట్లా వెళ్లారా మేడమ్? రాసుకోడానికి, చూడ్డానికి, ఊరికే?"

నిజం చెప్తాను. మెసేజ్ మొదటిసారి విన్నప్పుడు నాకు వెటకారం చేయాలనిపించింది. మంచుకొండల మధ్య వేడి కాఫీ తాగుతూ కథల క్లాసులా, వీళ్ల గదులు ఊడ్చేది మా వాడా అని ఒక పోస్టు సగం టైప్ చేశాను కూడా. లైకులు బాగానే వచ్చేవి. రెండోసారి విన్నాక చెరిపేశాను. ఆ నర్సు ఏం తప్పు చేసింది? రాత్రంతా రోగుల దగ్గర నిలబడి, పగలు కథ రాసుకుని, పదకొండేళ్లు కూడబెట్టి ఏడు రోజులు కొనుక్కుంది. మా అమ్మకి ఆ ఏడు రోజులు దొరికి ఉంటే నేనేమనేదాన్ని?

మా అమ్మకి నాట్లున్న రోజు పని, నాట్లు లేని రోజు ఆకలి. సెలవు అనే మాట ఆ ఇంట్లో వినలేదు. నేను ఆరేళ్లు గెస్ట్ లెక్చరర్‌గా చేశాను. పీరియడ్‌కి ఇంత అని లెక్క. వేసవి సెలవులంటే పిల్లలకు పండగ, మాకు జీతం లేని రెండు నెలలు. సంక్రాంతి సెలవులు పొడిగించారని టీవీలో స్క్రోలింగ్ వస్తే స్టాఫ్ రూమ్‌లో రెగ్యులర్ వాళ్లు నవ్వుకునేవాళ్లు, మేము వేళ్ల మీద లెక్కలేసుకునేవాళ్లం. విహారం అంటే మన కులాలకు అసూయ పుట్టించే మాటగా మిగిలిపోవడానికి కారణం మన గుణం కాదు, మన హాజరు పట్టిక.

కాబట్టి మొదటి మాట సూటిగా చెప్తున్నాను. విశ్రాంతి విలాసం కాదు, హక్కు. ఈ మాట నేను కొత్తగా కనిపెట్టలేదు. 1942 నుంచి 1946 దాకా వైస్రాయ్ కౌన్సిల్‌లో కార్మిక శాఖ చూసిన బాబాసాహెబ్, ఫ్యాక్టరీ కార్మికులకు జీతంతో కూడిన సెలవులు చట్టంలోకి తెచ్చారు. 1945 సవరణ అది. మరుసటి ఏడాది వారానికి 54 గంటల పనిని 48కి తగ్గించే సవరణ వచ్చింది. ఆఫీసులో క్యాజువల్ లీవు పెట్టేటప్పుడు తలవంచుకుని నిలబడే ప్రతి దళిత ఉద్యోగీ ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి.

ఇక మా వాడి ప్రశ్న. మనవాళ్లెవరైనా వెళ్లారా?

వెళ్లారు. 1934లో అంబేడ్కర్ తన ఉద్యమ సహచరులతో కలిసి ముప్పై మంది దాకా విహారయాత్రకు బయల్దేరారు. ఎల్లోరా గుహలు, దౌలతాబాద్ కోట చూడాలని. అప్పుడది నిజాం రాజ్యం. ఏళ్ల తరబడి సభలూ సత్యాగ్రహాలూ చేసి అలసిపోయిన మనుషులు, ఒక్కసారి ఊరికే చూడ్డానికి బయల్దేరారు. ఎవరమన్నది బయటికి తెలియకుండా వెళ్దామనుకున్నారు. విహారయాత్రకు కూడా పేరు దాచుకోవాల్సి వచ్చిందంటే ఆలోచించండి. దౌలతాబాద్ చేరేసరికి ముఖాలనిండా దుమ్ము. కోట గుమ్మం దగ్గరున్న కొలనులో కొందరు ముఖం, కాళ్లు కడుక్కున్నారు. అంతే, అంటరానివాళ్లు నీళ్లు మైల చేశారని కేకలు, గుంపు, బెదిరింపులు. చివరికి కోట చూడనిచ్చారు. లోపల ఎక్కడా నీళ్లు ముట్టుకోకుండా చూడమని వెంట ఒక సాయుధుణ్ని పంపారు. "వెయిటింగ్ ఫర్ ఎ వీసా"లో ఈ కథంతా ఉంది. ఇంకా చదవనివాళ్లు ఈ రాత్రే చదవండి, చిన్న పుస్తకం.

నేను మా వాడికి ఇదే చెప్పాను. మనవాళ్లు వెళ్లారు నాన్నా, వాళ్లకు కోట కంటే ముందు కాపలా కనిపించింది.

*

ఇప్పుడు వాడున్న నీళ్ల సంగతికొస్తాను. రైటర్స్‌ని ఎక్కించుకుని ఆ దారిన వెళ్లిన ఓడ ఇది మొదటిది కాదు. అన్నిటికంటే పేరున్నది 1899లో వెళ్లింది.

ఎడ్వర్డ్ హారిమన్ అని అమెరికాలో ఒక రైల్వే కుబేరుడు. పనిభారంతో అలసిపోయాడు, విశ్రాంతి తీసుకోమని డాక్టరు చెప్పాడు. మనకైతే రెండు మాత్రలు రాస్తారు. ఆయన "జార్జ్ డబ్ల్యూ. ఎల్డర్" అనే స్టీమరును కొత్తగా సిద్ధం చేయించి, కుటుంబాన్నీ, దేశంలో పేరుమోసిన శాస్త్రవేత్తలనూ చిత్రకారులనూ రచయితలనూ వెంటబెట్టుకుని అలాస్కా బయల్దేరాడు. మే 31న సియాటిల్‌లో మొదలై జులై 30న తిరిగొచ్చారు. సిబ్బందితో కలిపి 126 మంది. ఓడలో లైబ్రరీ ఉంది, సాయంత్రాలు ఉపన్యాసాలు ఉన్నాయి, పాలకు ఆవు ఉంది, మాంసానికి ఎడ్లు, గొర్రెలు, కోళ్లు ఉన్నాయి.

ఎక్కిన రచయితలు తక్కువవాళ్లు కారు. పక్షుల మీదా ఋతువుల మీదా రాసి అమెరికా అంతా ఇష్టపడే వ్యాసకర్త అయిన జాన్ బరోస్. అడవులను కాపాడాలని జీవితమంతా పోరాడిన జాన్ మ్యూర్. పత్రికా సంపాదకుడు జార్జ్ బర్డ్ గ్రినెల్. కవి చార్లెస్ కీలర్. కెమెరాతో ఎడ్వర్డ్ కర్టిస్. తర్వాత ఆ యాత్ర మీద పుస్తకాల వరసే అచ్చయింది. వీళ్లు కళ్లు మూసుకున్న మనుషులు కూడా కాదు. కానరీల వాళ్లు సాల్మన్ చేపలను ఎలా తుడిచిపెడుతున్నారో గ్రినెల్ ఘాటుగా రాశాడు. మంచు నది ఎంత వెనక్కి తగ్గిందో మ్యూర్ కొలిచి రాశాడు. చేపా కనిపించింది, మంచూ కనిపించింది.

జులై 26. తిరుగు ప్రయాణం. కేప్ ఫాక్స్ దగ్గర ఓడ ఆగింది. ఒడ్డున ట్లింగిట్ జాతి వాళ్ల ఊరు. ఇళ్లున్నాయి, ఇళ్ల ముందు టోటెమ్ స్తంభాలు నిలబడి ఉన్నాయి. మనుషులు లేరు. ఖాళీ ఊరు అనుకున్నారు. దిగారు. స్తంభాలు పడగొట్టి, తాళ్లు కట్టి నీళ్లలోకి లాగి, ఓడ మీదికి చేర్చుకున్నారు. ఇళ్లలో దొరికిన వస్తువులూ తీసుకున్నారు. కర్టిస్ అందరినీ ఆ స్తంభాల ముందు నిలబెట్టి గ్రూప్ ఫోటో తీశాడు. మన కాలేజీ టూరులో తీసుకున్నట్టే.

టోటెమ్ స్తంభమంటే ఏమిటో ఒక్క ముక్కలో చెప్తాను. సెడార్ మాను మీద ఒక వంశం తన చరిత్రంతా చెక్కుకుంటుంది. ఎవరు ఎక్కణ్ణించి వచ్చారు, ఏ జంతువు వాళ్ల గుర్తు, ఎవరు చనిపోయారు. మన పిచ్చుకగుంట్లు, డక్కలి వాళ్లు నోటితో మోసే కులపురాణాన్ని వాళ్లు చెట్టు మీద చెక్కి ఇంటి ముందు పాతారు. దాన్ని పెరికి పట్టుకుపోవడమంటే పట్టా, ఫోటో, సమాధిరాయి మూడూ ఒకేసారి ఎత్తుకుపోవడం.

మరి ఆ ఊరి జనం ఏమయ్యారు? చచ్చిపోలేదు, పారిపోలేదు. కొన్నేళ్ల ముందే కెచికన్ పక్కన శాక్స్‌మన్ అనే కొత్త ఊరు కట్టుకుని అక్కడికి మారారు. ఎందుకు మారారో తెలుసా? బడి కోసం. బడీ చర్చీ ఉన్నచోట ఉందామని. ఆ ఊరికి పెట్టుకున్న పేరు కూడా ఒక బడిపంతులుదే. బడికి చోటు చూడ్డానికి సముద్రం మీద వెళ్లి తిరిగిరాని పంతులు.

ఇది చదివినప్పుడు నాకు మా పేట గుర్తొచ్చింది. పిల్లల చదువు కోసం పట్నంలో అద్దెగదికి మారిన ప్రతి కుటుంబం, ఊళ్లో వదిలొచ్చిన రెండు సెంట్ల ఇల్లు గుర్తొచ్చింది. ఉండటం లేదుగా అని ఎవరో ఒకరు గోడ జరుపుతారు. మనం బడికెళ్లిన పూటే మన ఇల్లు 'ఖాళీ' అవుతుంది.

ఇక్కడ నన్ను ఎక్కువ బాధపెట్టింది ఒకటుంది. మ్యూర్ ఆ తీరానికి కొత్త కాదు. ఇరవై ఏళ్ల ముందు 1879లోనే వచ్చాడు. అప్పుడు కూడా ఒక పాత ట్లింగిట్ ఊళ్లో, వెంట వచ్చిన పెద్దమనుషుల్లో ఒకాయన స్తంభం మీది బొమ్మను రంపంతో కోయించి తీసుకున్నాడు. కడచన్ అనే ట్లింగిట్ యువకుడు అది చూసి ఊరుకోలేదు. మీ శ్మశానానికి మేమొచ్చి మీవాళ్ల సమాధి గుర్తు విరగ్గొట్టి తీసుకెళ్తే మీకెలా ఉంటుందని పాదిరిని అడిగాడు. ఆ ప్రశ్నను మ్యూర్ తన పుస్తకంలో రాసుకున్నాడు. అంటే విన్నాడు, అర్థమైంది, గుర్తుంది. అయినా ఇరవై ఏళ్ల తర్వాత ఆయనెక్కిన ఓడే స్తంభాలు మోసుకుపోయింది.

ప్రశ్న పుస్తకంలో ఉంటే చాలదు మిత్రులారా. ఓడ ఆపాల్సిన పూట నోట్లో ఉండాలి.

ఆ స్తంభాలూ వస్తువులూ మ్యూజియాలకు వెళ్లాయి. షికాగో, హార్వర్డ్, సియాటిల్, ఇంకా వేరే చోట్లకు. వందేళ్లు గాజు వెనక నిలబడ్డాయి. 1990లో అమెరికాలో ఒక చట్టం వచ్చింది. మూలవాసుల పవిత్ర వస్తువులూ అస్థికలూ మ్యూజియాలు తిరిగివ్వాలని. ఊరివాళ్ల వారసులు అడిగారు, వెంటపడ్డారు. 2001 జులైలో, అదే దారిన మళ్లీ బయల్దేరిన ఒక ఓడయాత్ర సమయంలో, స్తంభాలు ఇంటికొచ్చాయి. 102 ఏళ్లు పట్టింది. ముసలివాళ్లు వాటిని తడిమి ఏడ్చారు. తర్వాత ఒక పని చేశారు. దొంగసొత్తు దాచుకున్న హార్వర్డ్ మ్యూజియానికి కొత్త స్తంభం చెక్కుకోమని సెడార్ మాను ఇచ్చారు. అడిగి తీసుకోవడం ఎలాగో, ఇవ్వడం ఎలాగో వాళ్లే నేర్పారు.

*

మా వాడి ఓడ వెళ్లే ఇంకో చోటు గ్లేసియర్ బే. సెలవు పెట్టుకుని వచ్చిన ప్రతివాళ్లూ చేతులు జోడించే చోటు. మనిషి అడుగు పడని ప్రకృతి అని చెప్తుంటారట. హూనా ట్లింగిట్‌లకు అది సొంతిల్లు. సుమారు రెండున్నర శతాబ్దాల కింద మంచు నది ముందుకు తోసుకొచ్చి వాళ్ల ఊళ్లను తుడిచేసింది. మంచు వెనక్కి తగ్గాక మళ్లీ వచ్చి సీల్‌లను వేటాడుకున్నారు, సీగల్ గుడ్లు ఏరుకున్నారు. 1879లో మ్యూర్‌ని ఆ నీళ్లలోకి తీసుకెళ్లింది ట్లింగిట్‌లే. పడవ నడిపిందీ వాళ్లే, దారి చెప్పిందీ వాళ్లే. కనుక్కున్నవాడన్న పేరు మాత్రం ఆయనకొచ్చింది. 1925లో ప్రభుత్వం దాన్ని రక్షిత ప్రాంతంగా ప్రకటించింది, 1980లో నేషనల్ పార్కు చేసింది. రక్షణ పేరుతో సొంతవాళ్లు గుడ్లు ఏరుకోవడం నేరమైంది. మళ్లీ ఏరుకోవచ్చని 2014లో చట్టం రావాల్సి వచ్చింది. 2016లో అక్కడ వాళ్ల పూర్వీకుల పేరిట ఒక ఇల్లు తిరిగి లేచింది. నల్లమల చెంచులను అడగండి, కవ్వాల్‌లో గోండులను అడగండి. ఈ కథ వాళ్లకు అనువాదం అక్కర్లేదు.

అదే తీరంలో ఆంగూన్ అనే ఊరుంది. వేట ఓడ మీద పేలుడులో ఒక ట్లింగిట్ పెద్ద చనిపోతే, తమ ఆచారం ప్రకారం పరిహారంగా 200 దుప్పట్లు అడిగారు. జవాబుగా 1882 అక్టోబర్ 26న అమెరికా నౌకాదళం ఊరి మీద గుండ్లు కురిపించి, చలికాలానికి దాచుకున్న తిండితో సహా తగలబెట్టింది. హారిమన్ ఓడ అటు వెళ్లింది దానికి దాదాపు 17 ఏళ్ల తర్వాత. నౌకాదళం క్షమాపణ చెప్పింది 2024లో. జూనో దగ్గర, ఇప్పుడు టూరిస్టులు దిగి సాల్మన్ తినే చోట, 1941లో హోటల్ తలుపు మీద మూలవాసులకు ప్రవేశం లేదని బోర్డు. ఎలిజబెత్ పెరట్రోవిచ్ అనే ట్లింగిట్ ఆవిడా ఆమె భర్తా దాని మీద గవర్నరుకు ఉత్తరం రాశారు. నాలుగేళ్లు పోరాడి 1945 ఫిబ్రవరి 16న వివక్ష నిషేధ చట్టం తెచ్చారు. ఆ బోర్డు మనకు కొత్తగా ఉందా? రెండు గ్లాసుల హోటళ్లలో టీ తాగిన తాతల మనవలం.

మరి వాళ్లలో రాసేవాళ్లు లేరా? ఉన్నారు. నోరా మార్క్స్ డౌన్‌హావర్. 1927లో పుట్టిన ట్లింగిట్ కవి. చిన్నప్పుడు చేపల పడవ మీదే పెరిగింది. మొదటి భాష ట్లింగిట్, ఇంగ్లీషు బడికెళ్లాక నేర్చుకుంది. ముసలివాళ్ల ఉపన్యాసాలను ఒక్కో మాటా విని రాసి అచ్చులోకి తెచ్చింది. 2012లో అలాస్కా రాష్ట్ర రచయితగా గౌరవం అందుకుంది. వెతికి చదవండి. ఆ నీళ్లు ఆమెకు విహారం కాదు, వంటిల్లు.

*

ఇప్పుడు కింది డెక్కు సంగతి.

2023లో జూనోకి ఓడల్లో వచ్చినవాళ్లు 16 లక్షలకు పైనే. ఊరి జనాభా ముప్పై రెండు వేలు. ఒక్కో ఓడలో వెయ్యిమందికి పైగా పనివాళ్లుంటారు. ఫిలిప్పీన్స్, ఇండోనేసియా, మనదేశం. మా వాడు పడుకునే గదికి కిటికీ లేదు, నీటిమట్టానికి కిందుంది. పనివాళ్లు నడిచే పొడుగాటి దారిని అమెరికాలోని హైవే పేరుతో ఐ-95 అని పిలుచుకుంటారట. టూరిస్టులకు కనిపించకుండా ఆ కొస నుంచి ఈ కొసకి పోవచ్చు. ఊరవతల నుంచి తిరిగి వెళ్లే పేట దారి లేదూ, అట్లా. అంతర్జాతీయ ఒప్పందం ప్రకారం రోజుకి కనీసం పది గంటల విశ్రాంతి ఇవ్వాలి, వారానికి 77 గంటలు. ఓడ మీద ఎగిరేది ఎక్కువగా బహామాస్ లాంటి దేశాల జెండా కాబట్టి అమెరికా కనీస వేతన చట్టం ఆ మెట్లెక్కదు. కాంట్రాక్టు నెలల్లో వారాంతపు సెలవు లేదు. అలాస్కాలో ఎనిమిది ట్రిప్పులు తిరిగాడు. మంచు నది ఎన్నిసార్లు చూశావురా అని అడిగాను.

"రెండుసార్లు మేడమ్. ఒకసారి దుప్పట్లు మార్చేటప్పుడు బాల్కనీలోంచి. ఇంకోసారి ఆ నర్సమ్మ పిలిచి చూపించింది."

తెలుగు సాహిత్యం చదువుకున్నదాన్ని కాబట్టి నాకు వెంటనే ఏనుగుల వీరాస్వామయ్య గుర్తొచ్చాడు. 1830లో మద్రాసు నుంచి కాశీకి వెళ్లి, దారిలో చూసిందంతా రాశాడు. 1838లో అచ్చయిన ఆ కాశీయాత్ర చరిత్రను తెలుగులో యాత్రా రచనకు మొదలు అని ఎంఏ పరీక్షల్లో రాసి మార్కులు తెచ్చుకున్నాం. ఆయన వెళ్లింది పల్లకీలో. మోసిన బోయీలు కూడా అదే దారి చూశారు కదా. బహుశా ఇంకా బాగా చూసి ఉంటారు, కాళ్లతో చూశారు కాబట్టి. వాళ్ల కాశీయాత్ర మన సిలబస్‌లో లేదు.

జాషువా ఏం చేశాడో గుర్తుచేసుకోండి. 1941లో గబ్బిలం. గుడిలోకి పోలేనివాడు, తన మొర మోసుకుని ఉత్తరాదికి, కైలాసం దాకా వెళ్లమని గబ్బిలాన్ని పంపాడు. ఆ దారిలో ఎన్ని ఊళ్లు, ఎన్ని నదులు! చూసి రావడానికి మనిషికి వీల్లేదు, గబ్బిలానికి ఉంది. దాన్ని నేను ఇన్నాళ్లూ నిరసన కావ్యంగానే చెప్తూ వచ్చాను. ఈ వారం మొదటిసారి సెలవు దొరకనివాడి యాత్రా కావ్యంగా చదివాను.

*

ఇదంతా ఎక్కడో మంచుదేశం గొడవ అనుకునేవాళ్లకు ఒక చిన్న సంగతి చెప్పి ముగిస్తాను.

నేను డిగ్రీ చదివేటప్పుడు పాపికొండల టూరు వేశారు. ఆరువందలు. కట్టలేక జ్వరమని చెప్పాను. లెక్చరరయ్యాక పిల్లల్ని తీసుకుని నేనే వెళ్లాను. లాంచీలో పాటలు, మైకులో గైడు. కొండల మధ్య గోదావరి సన్నబడే చోట, అంతా కారడవండీ, మనుషులుండరండీ అని చెప్తున్నాడు. నా పక్కన కూర్చున్న అమ్మాయి, కోయ పిల్ల, చాలా మెల్లిగా అంది. "మేడమ్, ఆ రేవు పైనే మా మేనత్త వాళ్ల ఊరు." నేను మైకు తీసుకుని ఆ మాట అందరికీ చెప్పి ఉండాల్సింది. చెప్పలేదు. పాటలు నడుస్తున్నాయి, పిల్లలు గంతులేస్తున్నారు, ఎందుకులే అనుకున్నాను. ఆ రోజు ఫేస్‌బుక్‌లో నేను పెట్టిన ఫోటో కింద రాసింది, 'మనిషి అడుగు పడని అందాలు'.

బరోస్‌నీ మ్యూర్‌నీ తిట్టే ముందు ఆ పోస్టు వెతికి చూసుకున్నాను. ఇంకా ఉంది. తీసేయలేదు. కింద ఆ అమ్మాయి మేనత్త ఊరు పేరు రాశాను. ఆ ఊరు ఇప్పుడు పోలవరం ముంపు జాబితాలో ఉంది. వందల ఊళ్లతో పాటు. రేపు నిజంగానే అక్కడ మనుషులుండరు. అప్పుడు గైడు చెప్పిందే నిజమవుతుంది. అడవి ఖాళీ అనే మాట ముందు మైకులో పుడుతుంది, తర్వాత ఫైల్లోకి వెళ్తుంది, ఆఖరికి ఊరి మీదికి వస్తుంది. మధ్యలో రచయిత దాన్ని అందంగా రాస్తాడు. ఆ మధ్యలో ఉండేది మనమే కాబట్టి భయపడాల్సిందీ మనమే.

విద్యార్థి మిత్రులకు నా మాట. విహారాన్ని అసహ్యించుకోకండి. సెలవు అడగండి, పోరాడి తీసుకోండి. ఎల్‌టీసీ ఉన్న దళిత ఉద్యోగులు మురగబెట్టకండి, అమ్మానాన్నలను సముద్రమో మంచో చూపించండి. గెస్ట్ లెక్చరర్లకు జీతంతో వేసవి సెలవులు అడిగే మెమొరాండంలో నా సంతకం ముందుంటుంది. అయితే వెళ్లినచోట ఒకటి చేయండి. ఎంత అందమైన చోటైనా రెండు ప్రశ్నలు అడిగాకే రాయండి. ఇది ఎవరి ఊరు? నన్ను ఇక్కడికి మోసుకొచ్చింది ఎవరు? జవాబు తెలీకపోతే పక్కనున్నవాళ్లను అడగండి. అక్కడే ఉంటారు, మెల్లిగా చెప్తారు.

అడిగితే ఏమవుతుందో ఆ తీరమే చెప్తుంది. హూనా ఊళ్లో మూతపడ్డ పాత కానరీని అక్కడి ట్లింగిట్‌ల సొంత సంస్థే తీసుకుని, 2004 నుంచి టూరిస్టు ఓడల రేవుగా నడుపుతోంది. ఓడలు వస్తాయి. ఇంటివాళ్లు ఎదురొచ్చి తమ కథ తామే చెప్తారు. లాభనష్టాల మీద వాళ్లలో వాళ్లకు వాదనలుండొచ్చు. కానీ ఆ రేవులో మైకు వాళ్ల చేతిలో ఉంది.

మా వాడికి నిన్న రాత్రి జవాబు పంపాను.

"ఒరేయ్, ఆరెకి ఇంగ్లీషు మాట ఉంది, చెప్తాను. కానీ ఆ నర్సమ్మకి ఆరె అనే చెప్పు, చేత్తో చూపించు, అర్థమవుతుంది. ఆమెతో గొడవ లేదు మనకి. వీలైతే ఆమె కథ కూడా విను. రాత్రి డ్యూటీ చేసేవాళ్ల కథ నీకు తెలిసిన కథే. కెచికన్‌లో మళ్లీ దిగినప్పుడు మెట్ల మీద కూర్చోకు. రెండు మైళ్ల చిల్లర నడిస్తే శాక్స్‌మన్ వస్తుంది. వెళ్లి ఆ స్తంభాల ముందు నిలబడు. ఎవరైనా కనిపిస్తే ఏ ఊరివాడివో చెప్పు, వాళ్లదే ఊరో అడుగు. వచ్చి రాయి. పదిహేడు గదుల గురించి రాయి, ఐ-95 గురించి రాయి, రెండుసార్లు చూసిన మంచు గురించి రాయి. ఓడెక్కిన రైటర్స్ ఇరవై మంది కాదు, ఇరవై ఒక్కరు. లెక్కలో నువ్వు తప్పిపోయావు."

టిక్కులు ఇంకా నీలం కాలేదు. ఓడ నీళ్ల మీదుంది. సిగ్నల్ దొరికాక వింటాడు. వాడు రాసి పంపితే ఇక్కడే, నా పేరు పక్కన పెట్టి వాడి పేరు ముందు పెట్టి, వాడు ఒప్పుకుంటే, అచ్చు వేస్తాను.

ఇంటర్నల్ మార్కుల సంగతి వచ్చే ఆదివారం. మీ దగ్గరున్న అనుభవాలు పంపుతూ ఉండండి.

జై భీమ్.